గడ్డిలో లేని టోకెన్

పోయిన శనివారం మా తమ్ముడి మనవరాలు నన్ను పాత రైల్వే స్టేషన్ దగ్గర ఒక బోర్డు పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. "స్మైల్ లా, అమ్మమ్మా" అంది, ఇక్కడి పిల్లల యాసలో. నవ్వు రాలేదు. ఆ బోర్డు మీద ఒక పాత ఫోటో ఉంది. ఖాకీ నిక్కరు వేసుకున్న మనిషొకడు ప్లాట్‌ఫారం అంచున నిలబడి, వస్తున్న ఇంజను వైపు ఒక పెద్ద వలయాన్ని ఎత్తి పట్టుకుని ఉన్నాడు. మొహం కనపడదు. మా నాన్న మాత్రం కాదు, ఆయనకు జన్మలో అంత పొట్ట లేదు. అయినా నా అరచేతులకు చెమటలు పట్టాయి. డెబ్బై దాటినదాన్ని, ఒక రేకు బోర్డును చూసి భయపడ్డానంటే విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

పట్టాలు పీకేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడది నడకదారి. రంగురంగుల బూట్లేసుకుని పరుగెత్తేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, కుక్కల్ని పిల్లల బండిలో కూర్చోబెట్టి తోసుకెళ్ళేవాళ్ళు. చిన్న స్టేషన్ భవనాన్ని మాత్రం ఉంచి, కొత్త రంగులేసి, పక్కన కాఫీ కొట్టు పెట్టారు. నేనుండే క్లెమెంటి పేట నుంచి బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. అయినా ఇన్నేళ్ళలో అటు కాలు పెట్టలేదు. ఈ దీవి ఆ చివరున్న టాంపినీస్ నుంచి తమ్ముడు మనవరాల్ని వెంటబెట్టుకొచ్చి, రాకపోతే ఊరుకోనన్నాడు కాబట్టి వెళ్ళాను. ఇక్కడి తొలితరం వాళ్ళ గురించి ఆ పిల్ల బళ్ళో ఏదో రాసి, గోడకు అతికించాలట.

బోర్డు మీద ఇంగ్లీషులో ఉన్నది పిల్ల చదివి వినిపించింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులు ఈ లైను మీద పనిచేశారని, ఒంటి పట్టా కాబట్టి డ్రైవరు చేతికి టోకెన్ ఇస్తేనే బండి కదిలేదని రాసుంది. మనుషుల పేర్లు ఒక్కటీ లేవు. తమ్ముడికి నోట్లో నువ్వుగింజ నానదు. "మీ ముత్తాత ఆ పనే చేసేవాడు. ఒకరోజు ఇక్కడే టోకెన్ గడ్డిలో పారేసుకున్నాడు. మెయిల్ బండి ఆగిపోయింది. ఆయన్ని ఆ పనిలోంచి పీకేశారు. కేర్‌లెస్ మనిషిలే" అని నవ్వాడు. పిల్ల కూడా నవ్వి, పుస్తకం తెరిచి రాసుకోవడం మొదలుపెట్టింది.

నేను వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పి అని చెప్పాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

ఆ స్టేషన్‌కి కూతవేటు దూరంలో మా క్వార్టర్స్ ఉండేది. రెండు గదులు, ఒక వసారా, వెనక నీళ్ళ కుళాయి. ఇంటికీ స్టేషన్‌కీ మధ్య ఒక పెద్ద మురుగు కాలవ, దాని మీద దాటడానికి సిమెంటు తూము. పట్టాలకు రెండు పక్కలా లాలాంగ్ గడ్డి, నా తల దాకా పెరిగేది. ఎండ ముదిరితే స్లీపర్లకు పూసిన తారు కరిగి వాసనేసేది. బండి వెళ్ళాక వేడి నూనె వాసన, ఆవిరి వాసన చాలాసేపు గాల్లోనే ఉండేవి. మా నాయనమ్మ వండే ఎండుచేపల పులుసు వాసన వాటన్నిటినీ గెలిచి ప్లాట్‌ఫారం దాకా వెళ్ళేది. స్టేషన్‌మాస్టరు మలాయ్ ఆయన, మేం వాళ్ళ భాషలో పాచిక్, అంటే బాబాయి, అని పిలిచేవాళ్ళం. ఆయన గదిలో కూర్చునే వాసన పీల్చి, ఇవాళ మీ ఇంట్లో ఏం మకాన్, ఏం తిండి అని నాన్నను అడిగేవాడు.

నేను పుట్టుపిరికిని. ఇంజను కూతకు భయం, కొండ మీంచి దిగే కోతులంటే భయం, ట్రాలీ మీద తనిఖీకి వచ్చే దొర టోపీ అంటే భయం. నాయనమ్మ నన్ను చూసి, దీని నీడ దీన్నే కరుస్తాదని ఎగతాళి చేసేది. ఆవిడకు మాత్రం దేనికీ భయం లేదు. కళింగపట్నం ఒడ్డున పుట్టి, పదమూడేళ్ళకే పెళ్ళై, ఓడెక్కి, మలయాలో రబ్బరు తోటల్లో పాలు గీసి, మొగుణ్ణి అక్కడే మట్టిచేసి, కొడుకు వెంట ఈ దీవికొచ్చిన మనిషి. ఇక్కడ అరవై రకాల భాషలు వినపడుతున్నా ఆవిడ నోటి వెంట వచ్చేది ఆ ఒడ్డు మాటే.

సాయంత్రాలు వసారాలో చాప వేసుకుని నాన్న ఆవిడకు తన పని గురించి చెప్పేవాడు. చెప్పిందే చెప్పేవాడు, ఆవిడ అడిగిందే అడిగేది. మా స్టేషన్‌కీ ఆ చివర ఊళ్ళోని పెద్ద స్టేషన్‌కీ మధ్య రానూ పోనూ ఒకటే పట్టా. దాని మీద ఒకసారికి ఒక బండే ఉండాలి. అందుకని టోకెన్. జానెడు పొడవు లోహపు ముక్క, తాళంచెవిలా ఉంటుంది. దాన్ని తోలు సంచిలో పెట్టి పెద్ద వలయానికి కట్టేవాళ్ళు. అది ఎవరి చేతిలో ఉంటే లైను వాళ్ళది. బండి ఆగకుండా పోతూ ఉండగానే డ్రైవరు తను దాటొచ్చిన లైను వలయాన్ని కింద పడేస్తాడు. ముందుకు పోవాల్సిన లైనుకి నాన్న ఎత్తి పట్టుకున్న వలయాన్ని చెయ్యి దూర్చి లాక్కుంటాడు. కిందపడ్డదాన్ని పాచిక్ గదిలోని ఎర్రపెట్టెలో వెయ్యాలి. అది పెట్టెలో పడితేనే ఆ లైనుకి ఇంకో టోకెన్ బయటికొస్తుంది. పడకపోతే అటూ ఇటూ ఏ బండీ కదలదు.

"దొరొచ్చి కదపమన్నా కదలదేటి?" అని నాయనమ్మ అడిగేది.

"దొర కాదు, యముడైనా సరే. టోకెన్ లేకుండా లైను మీదికి రాడు. ఇది రైల్వే అమ్మా" అనేవాడు నాన్న, బీడీ వెలిగించుకుంటూ. ఆ మాటకు ఇద్దరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

మేం పిల్లలం చేగోడీలతో టోకెన్ ఆట ఆడేవాళ్ళం. నాయనమ్మ చేగోడీలు వేయిస్తుంటే నేను ఒకటి వేలికి తగిలించి చెయ్యి చాచి నిలబడేదాన్ని. తమ్ముడు కూ అంటూ పరుగెత్తుకొచ్చి లాక్కుని నోట్లో వేసుకుని పోయేవాడు. ఇవ్వకపోతే ఉన్నచోటే నిలబడిపోయి, ఇంకో చేగోడీ చేతిలో పడేదాకా కదిలేవాడు కాదు. ఆ మొండితనం వాడికి ఇప్పటికీ ఉంది. ఒకసారి నాన్న స్టేషన్ గోడకు తగిలించిన నిజమైన వలయాన్ని నేను ఆటకు తీశాను. నాన్న నన్ను కొట్టడం ఆ ఒక్కసారే. కొట్టి, తనే ఏడుపు మొహం పెట్టుకుని, "ఇది ముట్టుకుంటే బండ్లు గుద్దుకుని మనుషులు పోతారు తల్లీ" అన్నాడు. ఆ తర్వాత దాని పక్కనుంచి పోవాల్సొస్తే చేతులు వెనక్కి కట్టుకుని పోయేదాన్ని.

తమ్ముడి గురించి ఒకటి చెప్పాలి. నా తర్వాత పుట్టిన ఇద్దరు పిల్లలు ఏడాది నిండకుండానే జ్వరాలొచ్చి పోయారు. అందుకని వీడు పుట్టగానే నాయనమ్మ వీణ్ణి విస్తరాకుల పెంట మీద దొర్లించి, చాటలో వేసి ఎత్తుకొచ్చి, ఎవరూ కోరుకోని పేరొకటి పెట్టింది. పనికిరాని వస్తువని యముడు చూసీ చూడనట్టు పోతాడట. ఆ పేరు నేనిక్కడ రాస్తే తమ్ముడు నాతో మాట్లాడటం మానేస్తాడు. మా ఇంట్లో అందరికీ యముడితో అలాంటి బేరాలు అలవాటే.

ఇక్కడ ఎండాకాలం, చలికాలం అని లేవు. అది దురియన్ పళ్ళ కాలం అని గుర్తు, కొండ మీంచి ఆ వాసన దిగేది. తమ్ముడికి నాలుగేళ్ళు. మూడు రోజుల నుంచి జ్వరం. డిస్పెన్సరీలో ఇచ్చిన గులాబీరంగు మందు తాగించినా దిగలేదు. ఆ పొద్దున నాన్న డ్యూటీకి పోతూ గుమ్మంలోంచి వెనక్కొచ్చి, వాడి ఒళ్ళు పట్టుకు చూసి వెళ్ళాడు. అమ్మ కొండ మీద బంగళాలో బట్టలుతికేది. ఆ రోజు దొరసాని ఇంటికి చుట్టాలొస్తున్నారని సెలవివ్వలేదు. ఇంట్లో నాయనమ్మ, నేను, వాడు.

మధ్యాహ్నం నేను నాన్నకు అన్నం గిన్నె బుట్టలో సర్దుతున్నాను. చాప మీద ఏదో కొట్టుకుంటున్న చప్పుడైంది. తిరిగి చూస్తే తమ్ముడి కాళ్ళు. ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయి, పళ్ళు గిట్టకరిచి, కళ్ళు తెల్లగుడ్లు తేలేశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతకుముందు పోయిన ఇద్దరిలో ఒకడు ఇలాగే పోవడం నేను చూశాను.

నాన్నను పిలుచుకురానా అని అడిగాను. నాయనమ్మ వాణ్ణి ఒళ్ళో పక్కకు తిప్పి పట్టుకుని, తడిగుడ్డ నుదుటి మీద వేస్తూ, నా వంక చూడకుండానే చెప్పింది.

"మీ అయ్యొచ్చి ఏటి సేస్తాడు? ఆ రైలు సక్రం అట్టుకురా. అది ఇంట్లో ఉన్నంతసేపు ఆడు లోనికి రాడు. ఎవులికీ సెప్పకు. బేగెల్లు."

సక్రం అంటే టోకెన్ కట్టే వలయమని తెలుసు. ఆడు అంటే ఎవరో నేను అడగలేదు.

బుట్ట తీసుకుని పరుగెత్తాను. స్టేషన్ చేరేసరికి మెయిల్ బండి పక్క పట్టాల మీద ఆగి ఉంది, ఊళ్ళోంచి గూడ్సు బండి వస్తోంది. నాన్న ప్లాట్‌ఫారం మధ్యలో వలయం ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఇంజను దాటుతూ తన వలయాన్ని కింద పడేసింది. అది సిమెంటు మీద దొర్లి, ప్లాట్‌ఫారం చివర్నించి గడ్డిలోకి జారింది. నేను నిలబడ్డ చోటికి నాలుగడుగుల దూరం. నాన్న అటు తిరగలేదు. బండి మొత్తం వెళ్ళిందో లేదో చివరి పెట్టె వెనక దీపం చూసి తేల్చుకోవాలి, అది దాటేదాకా కళ్ళు తిప్పకూడదు. గూడ్సు పెట్టెలు ఒక్కొక్కటే పోతున్నాయి. నేను గడ్డిలోకి దిగి, వలయం తీసి, బుట్ట మీద పెట్టి, తువ్వాలు కప్పి, తూము వైపు పరుగెత్తాను. వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తాడేమోనని వీపంతా చెవులు చేసుకున్నాను. ఎవరూ పిలవలేదు.

నాయనమ్మ ఆ వలయాన్ని తమ్ముడి తల నుంచి కాళ్ళ దాకా మూడుసార్లు తిప్పింది. తర్వాత వాణ్ణి దాని మధ్యలో పడుకోబెట్టి, తోలు సంచిని తల కింద పెట్టింది. బిగుసుకుపోవడం తగ్గింది కానీ కళ్ళు తెరవలేదు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నుదుటికి చెమట పట్టాలి, పడితే గండం గడిచినట్టు, అప్పటిదాకా సక్రం తియ్యకూడదు, అంది. అయ్యకు అన్నం పెట్టేసి అక్కడేమవుతోందో చూసి రమ్మని నన్ను మళ్ళీ తోలింది.

స్టేషన్‌లో మెయిల్ బండి ఇంకా ఆగే ఉంది. ఉత్తరం నుంచి వచ్చి ఊళ్ళోకి పోవాల్సిన బండి. దాని లైను టోకెన్ మా చాప మీద ఉంది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఒక పెద్దమనిషి దిగి చేతిగడియారం వేలితో తట్టి పాచిక్‌కి చూపిస్తున్నాడు. పాచిక్ గదిలోకీ బయటికీ తిరుగుతున్నాడు, లోపల టెలిఫోను మోగుతూనే ఉంది. ఇంజను ఉండుండి కూత పెడుతోంది.

నాన్న గడ్డిలో ఉన్నాడు. మోకాళ్ళ మీద ఉన్నాడు. రెండు చేతులతో లాలాంగ్ పాయలు తీస్తూ, ఒక్కో కుదురూ తడుముతూ, అంగుళం అంగుళం జరుగుతున్నాడు. ఆ గడ్డి అంచులు చేతులు కోస్తాయి. ఆయన అరచేతుల మీద ఎర్రగీతలు నాకు కనిపిస్తున్నాయి. బండిలోంచి ఎవరో ఏదో అంటే నలుగురు నవ్వారు. మా నాన్నను చూసి మనుషులు నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

బుట్ట అక్కడే పెట్టేసి ఇంటికి పరుగెత్తాను. నాయనమ్మా, బండి ఆగిపోయింది, నాన్నను పోలీసులు పట్టుకుపోతారు, అది ఇచ్చెయ్యి అని ఏడ్చాను. ఆవిడ తమ్ముడి నుదుటి మీద వెనక చెయ్యి ఆనించి చూసి, ఇంకా లేదు అంది. ఇంకెంతసేపు అన్నాను. చెమట పట్టేదాకా అంది. అంటూనే మళ్ళీ చెయ్యి ఆనించి చూసింది, వెంటనే ఇంకోసారి. దేనికీ భయపడని మనిషి అలా పదే పదే తడమడం చూశాక నాకిక నిలబడే చోటు లేకపోయింది.

ఆవిడ ముంత తీసుకుని నీళ్ళకని కుళాయి దగ్గరికి వెళ్ళింది. అంతే, నేను తమ్ముడి తల ఎత్తి సంచి లాగాను. వాడి నడుం కింద నుంచి వలయం తప్పించాను. వాడి తల ఒక పక్కకు వాలింది. నేను బయటికి పరుగెత్తాను.

తూము దాకా వెళ్ళాను. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. ఇది పట్టుకెళ్ళి ఇస్తే తమ్ముడు పోతాడు. ఇవ్వకపోతే నాన్న పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని పెద్దలు ఊరికే అనలేదు, నా ముందు ఇంజను కూత, వెనక ఏ చప్పుడూ లేని ఇల్లు. తూము కిందకి దిగి, వలయాన్ని ఒళ్ళో పెట్టుకుని, మురుగునీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. దేవుళ్ళ పేర్లు గుర్తు రాలేదు. ఒక్కటే అనుకున్నాను, ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చి నా చేతిలోంచి దీన్ని లాక్కుంటే బాగుండునని. ఎవరూ రాలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఇంజను నాలుగుసార్లు కూసింది. లెక్కపెట్టాను కాబట్టి గుర్తుంది.

నాలుగో కూత అయ్యాక ఇంట్లోంచి ఏడుపు వినిపించింది. నాయనమ్మది కాదు. పల్చటి, చిరాకు ఏడుపు. చేగోడీ ఇవ్వకపోతే ఏడ్చే ఏడుపు.

తూము ఎక్కి స్టేషన్ వైపు పరుగెత్తాను. బండి అవతలి నుంచి చుట్టూ తిరిగి, నాన్న వెతుకుతున్న గడ్డికి వెనక నుంచి వెళ్ళి, వలయాన్ని ఆయన ముందుకు విసిరి, కుదుళ్ళ మధ్య బోర్లా పడుకున్నాను. ఆయన దాని దాకా వచ్చాడు. చెయ్యి ముందుకు పెట్టాడు కానీ వెంటనే తియ్యలేదు. ఒక్క క్షణం తల పక్కకు వంచి, ఇంటి వైపు చెవి పెట్టి విన్నాడు. ఆ తర్వాత వలయం పైకెత్తి, దొరికింది అని పాచిక్‌కి మలాయ్‌లో అరిచాడు.

బండి కదిలింది. ఆ పెద్దమనిషి కిటికీలోంచి నాన్న వైపు వేలు చూపిస్తూనే వెళ్ళిపోయాడు. నేను ఇల్లు చేరేసరికి తమ్ముడు ఒళ్ళంతా చెమటతో, గంజి కావాలని రాగం తీస్తున్నాడు.  నాయనమ్మ కోసుకుపోయిన నా మోకాళ్ళకు పసుపు రాసింది. తువ్వాలు ఉతికి ఆరేసింది. ఆ సంగతి చచ్చేదాకా ఎత్తలేదు.

తర్వాత విచారణ జరిగింది. టోకెన్ దొర్లినప్పుడు తను చూసుకోలేదని నాన్న ఒప్పుకున్నాడు. పాచిక్ మంచివాడు, ఆయన మంచి మాట చెప్పబట్టి పని పూర్తిగా పోలేదు. కానీ నాన్నను టోకెన్ దగ్గర్నించి తీసేసి, పట్టాలు బాగుచేసే గ్యాంగులో వేశారు. క్వార్టర్స్ ఖాళీ చేసి, లైను పక్కన రేకుల గదుల వరసలోకి మారాం. కుళాయి లేదు, తూము లేదు. సాయంత్రాలు నాన్న సుత్తి దెబ్బలకు వాచిన చేతులు ఉప్పునీళ్ళలో పెట్టుకుని కూర్చునేవాడు. యముడి మాట మళ్ళీ ఆయన నోట వినలేదు. ఎవరైనా నాన్న పేరెత్తితే, టోకెన్ పారేసుకున్నోడా అనేవాళ్ళు. అది ఆయన ఇంటిపేరైపోయింది. ఆ మాట విన్న ప్రతిసారీ దొంగకు తేలు కుట్టినట్టు నేను లోపలే ఏడ్చేదాన్ని. చెబితే ఏమవుతుందో తెలియదు, చెప్పకపోతే ఏమవుతోందో చూస్తున్నాను. ఆ భయంలోనే నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు.

నాన్న చివరి రోజులు క్లెమెంటిలో మా ఫ్లాట్‌లోనే గడిచాయి. ఒకనాడు నేను ఆయన చేతి గోళ్ళు తీస్తున్నాను. అరచేతిలో పాత తెల్లగీతలు కనిపించాయి. ఇక ఉండబట్టక, నాన్నా, ఆ టోకెన్ నేనే తీశాను అన్నాను. అనేసి, కొడతాడేమోనని ఆ వయసులో కూడా కళ్ళు మూసుకున్నాను.

"తెలుసు తల్లీ. తువ్వాలు కింద ఇంత వెడల్పున గుండ్రంగా ఉంది. అన్నం గిన్నె అంత వెడల్పుగా ఎప్పుడుంది?" అన్నాడు.

మరెందుకు పిలవలేదని అడిగాను. ఆయన ఆ తెల్లగీతలు వేలితో తడుముకుంటూ చెప్పాడు. పిలుద్దామనే నోరు తెరిచాడట. పొద్దున పట్టుకు చూసిన తమ్ముడి ఒళ్ళు గుర్తొచ్చిందట. నాయనమ్మే పంపించి ఉంటుందని అర్థమైందట.

"యముడైనా టోకెన్ లేకుండా రాడని ఆవిడతో చెప్పింది నేనే కదా. నేను నమ్మలేదు. నమ్మకపోయినా పిలవలేకపోయాను. గూడ్సు దాటిపోయింది, మెయిలు నా కళ్ళ ముందు ఆగి ఉంది, గుద్దుకునేది ఏమీ లేదు. పోతే నా పని పోతుంది, అంతే. అది లేదని తెలిసిన చోట వెతకడం ఎంత కష్టమో తెలుసా? ఎంత నెమ్మదిగా వెతికినా గడ్డి అయిపోతూ ఉంటుంది."

తర్వాత నా చేత ఒట్టు వేయించుకున్నాడు. తమ్ముడికి చెప్పొద్దు. తన మూలంగా ఇంటికి ఇలా జరిగిందని తెలిస్తే వాడు మొయ్యలేడు. నన్ను పారేసుకున్నోడనే అనుకోనీ, అన్నాడు. సరే అన్నాను. ఆయన పోయాక కూడా ఆ ఒట్టు తప్పలేదు, మొన్నటి శనివారం దాకా.

బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను. పిల్ల రాసింది తాతకు చదివి వినిపిస్తోంది. మా ముత్తాత అజాగ్రత్త వల్ల రైలు ఆగింది అని. వాడు తలూపుతున్నాడు. అది బళ్ళో గోడకు అతికిస్తారు. బోర్డు మీద పేరు లేని మనిషికి అక్కడ పేరు వస్తుంది, ఆ మాటతో కలిసి. నాకు తూము కింద కూర్చున్నట్టే ఉంది. చెబితే నాన్నకిచ్చిన ఒట్టు పోతుంది, తమ్ముడి నవ్వు పోతుంది. చెప్పకపోతే నాన్నే పోతాడు, ఇంకోసారి.

ఈసారి ఎవరి ఏడుపు కోసమూ ఆగలేదు. లేచి వెళ్ళి చెప్పేశాను. నిలబడే, మొదటి నుంచి చివరి దాకా, నాన్న అన్న మాటలతో సహా. 

  తమ్ముడు చెయ్యెత్తి నుదురు తడుముకున్నాడు. "ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాడు.

భయమేసింది అన్నాను. 

పిల్లకు సగం అర్థమైంది, సగం కాలేదు. పెన్సిలు పట్టుకుని మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూసి, "సో ఇప్పుడు ఏం రాయాలి, తాతా?" అంది.

"పారేసుకున్నాడని రాసింది కొట్టెయ్" అన్నాడు వాడు. "వెతికాడని రాయి."

"లేని చోటనా? ఎంతసేపు?"

"నాకు చెమట పట్టేదాకా."

పిల్ల అలాగే రాసుకుంది. ముగ్గురం బస్ స్టాపు వైపు నడిచాం. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు, నాకోసమో తనకోసమో తెలియదు. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. దారి పక్కన లాలాంగ్ అప్పటంత ఎత్తు లేదు, ఎవరో కోసి ఉంచుతున్నారు. అందులో ఎవరూ మోకాళ్ళ మీద లేరు.